తొమ్మిదేళ్లుగా యూట్యూబ్‌లో: పడిపోయింది వేదికా, నా అంచనాలా?

పాత గోడగడియారాలు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించే వీడియోలు పెట్టడం నేను 2016లో మొదలుపెట్టాను. ఈ పనిలో ఉన్న నలుగురు ఎక్కడ కలిసినా కుశలప్రశ్నల తర్వాత వచ్చే మాట ఒకటే: "రీచ్ పోయింది, ఇక యూట్యూబ్ పని అయిపోయింది." 2017లో విన్నాను, 2019లో విన్నాను, మొన్న కూడా విన్నాను. ఒకటి రెండుసార్లు నేనూ అన్నాను. చానల్ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాక ఆ మాటలో సగమే నిజముందని తేలింది.

వీడియో వేదిక నిజంగా పడిపోతే ఎలా ఉంటుందో వైన్ అనే యాప్‌ను చూసి తెలుసుకోవచ్చు. ఆరు సెకన్ల వీడియోలతో 2013లో వచ్చింది. అక్కడ పేరు తెచ్చుకున్నవాళ్లకు సంపాదన దారి దొరక్క ఒక్కొక్కరే వేరే చోటికి తరలిపోయారు. 2017 జనవరికల్లా తలుపులు మూతపడ్డాయి. యూట్యూబ్‌లో ఆ ఛాయలేమీ లేవు. నాలుగేళ్లలో క్రియేటర్లకు, కళాకారులకు, మీడియా సంస్థలకు కలిపి 10,000 కోట్ల డాలర్లకు పైగా చెల్లించామని ఆ సంస్థ 2025లో ప్రకటించింది. అందులో "కలిపి" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పెద్ద సంగీత కంపెనీల వాటా, నా గడియారాల వాటా అదే మూటలో ఉన్నాయి. చెరువు నిండినంత మాత్రాన నా బిందె నిండదు కదా.

నా దృష్టిలో అసలు మారింది సబ్‌స్క్రైబర్ అన్న మాటకు అర్థం. మొదట్లో అది పత్రికకు చందా కట్టడం లాంటిదనుకున్నాను. కొత్త సంచిక రాగానే గుమ్మంలో పడుతుందన్నమాట. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. సబ్‌స్క్రిప్షన్ల పేజీ విడిగా ఉన్నా, చాలామంది యాప్ తెరిచి మొదటి పేజీలో కనబడినదే చూస్తారు. ఆ పేజీ ఎవరికి వారికి వేరుగా, వారు ఇంతకుముందు ఏం చూశారన్న దాన్ని బట్టి తయారవుతుంది. మూడేళ్ల క్రితం మన చానల్‌కు బటన్ నొక్కి, ఆ తర్వాత మన వీడియో ఒక్కటీ ముట్టని మనిషి పట్టికలో సబ్‌స్క్రైబర్‌గా ఉంటాడు, అంతే. 2012లో సిఫారసులకు కొలమానంగా క్లిక్కులకు బదులు చూసిన సమయాన్ని పెట్టినప్పుడే ఈ దారి మొదలైంది. చానల్ పేరుకన్నా ఒక్కో వీడియో నిలబెట్టుకునే శ్రద్ధకే విలువ. వీడియో బాగుందంటే ముక్కూమొహం తెలియని చానల్‌కూ లక్షల వ్యూస్ రావచ్చు. తర్వాతి వీడియోకు వందలు దాటకపోవచ్చు. కొత్తవారికి ఇది వరం. పదేళ్లు చెమటోడ్చి జనాన్ని కూడగట్టుకున్నామనుకునే పాతవారికి మాత్రం కాళ్ల కింద చాప లాగేసినట్టుంటుంది. "పడిపోయింది" అన్న ఫిర్యాదులో నిజమైన సగం ఇదే.

రెండో సగం సంగతి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2021లో వరుసగా నాలుగు వీడియోలు తేలిపోయాయి. ఏ వీడియో ఎవరికి చూపాలో తేల్చే అల్గారిథాన్ని ఏడాది పాటు తిట్టుకున్నాను. ఒకరోజు ఇరవై రెండు నిమిషాల వీడియో ఒకదానికి ప్రేక్షకులు ఎక్కడెక్కడ ఆగారో చూపే గ్రాఫ్ తెరిచాను. మొదటి నలభై సెకన్లలో గీత బావిలో రాయి పడ్డట్టు పడింది. ఆ నలభై సెకన్లలో నేనేం చేస్తున్నాను? నమస్కారం పెట్టి, ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పి, లైక్ చేయమని అడుగుతున్నాను. పళ్ల చక్రాలు కడిగే భాగం తీయడానికి మూడు రోజులు పట్టింది, అక్కడ గీత నీరసంగా కిందికి జారుతోంది. పద్నాలుగో నిమిషం దగ్గర మాత్రం చిన్న గుట్టలా లేచింది. లోలకాన్ని వేలితో తోసి వదిలాక, ఆగిపోయిన గడియారం మొదటిసారి టిక్కుమన్న చోటు అది. జనం వెనక్కి జరిపి మళ్లీ చూశారు. తర్వాతి వీడియోను ఆ టిక్కుతోనే మొదలుపెట్టాను. నమస్కారం చివరికి వెళ్లింది. వ్యూస్ కోలుకున్నాయి.

డబ్బు విషయానికి వస్తే, నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రకటనల వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలని 2018లో గీత గీశారు (గడియారాలు బాగుచేసే నేను గంటలు లెక్కపెట్టుకుంటూ గడిపిన రోజులవి). తర్వాత షార్ట్స్‌తో, అంటే నిలువుగా ఉండే చిన్న వీడియోలతో, అర్హత పొందే దారీ వచ్చింది. మామూలు వీడియో పక్కన వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకు దక్కుతుంది. షార్ట్స్‌కు 2023 ఫిబ్రవరి నుంచి వాటా ఇస్తున్నారు, అక్కడ 45 శాతం. శాతాలు చూసి తేడా కొంచెమే అనుకుంటే పొరపాటు. షార్ట్స్ ప్రకటనల సొమ్మంతా ఒక రాశి పోసి, సంగీతం ఖర్చు తీసేసి, వ్యూస్ లెక్కన పంచుతారు. సన్నని స్ప్రింగ్ ఊపిరి తీసుకున్నట్టు ముడుచుకుని విచ్చుకునే దృశ్యం ఒకటి నలభై సెకన్ల షార్ట్‌గా పెట్టాను. నా చానల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది అదే. ఆ నెల దానికన్నా ఎక్కువ సంపాదించింది మాత్రం ఎప్పుడో 2017లో పెట్టిన, వెలుతురు సరిగా లేని, నత్తి మాటల వీడియో! దాన్ని చూసి వచ్చిన సబ్‌స్క్రైబర్లు ఇప్పటికీ ప్రశ్నలు అడుగుతారు. షార్ట్ చూసినవారు వేలితో పైకి తోసి వెళ్లిపోయారు. 2025 మార్చి చివరి నుంచి షార్ట్ మొదలైతే చాలు వ్యూ కింద లెక్కిస్తున్నారు, ఎంతసేపు చూశారన్నది అక్కర్లేదు. ఆదాయం లెక్క వేరే. కాబట్టి షార్ట్స్ అంకెలు చూసి ఎవరి ఎదుగుదలనూ అంచనా వేయకండి, మీ ఎదుగుదలను అసలే వేయకండి.

నన్ను నిజంగా బాధించిన మార్పు 2021 నవంబరులో వచ్చింది: డిస్‌లైక్ సంఖ్యను దాచేయడం. పనిగట్టుకుని మూకుమ్మడిగా చేసే దాడులను అరికట్టడానికని చెప్పారు, ఆ కారణంలో న్యాయముంది. కానీ పని నేర్పే వీడియోలకు ఆ సంఖ్యే హెచ్చరిక బోర్డు. గడియారం యంత్రమంతటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి "అయిపోయింది" అనే వీడియోలున్నాయి. అది కొన్నాళ్లు నడిచి, దుమ్ము పట్టి, బంకలా మారి యంత్రాన్ని బిగదీస్తుంది. ఇదివరకు డిస్‌లైక్‌లు చూసి తెలియనివారు కూడా తప్పుకునేవారు. ఇప్పుడు కామెంట్లన్నీ చదివితే గానీ తెలియదు, ఆ కామెంట్లను వీడియో పెట్టినవారు తీసేయవచ్చు కూడా.

కాపీరైట్ చిక్కులు ఈ వృత్తిలో తప్పవు. ఒకసారి నా వీడియోలో గడియారం గంట కొట్టిన స్వరం మాదేనని ఒక సంగీత కంపెనీ క్లెయిమ్ వేసింది. అది వెస్ట్‌మిన్‌స్టర్ స్వరం, కేంబ్రిడ్జ్‌లోని ఒక చర్చి గంటల కోసం 1793లో కూర్చినది. అభ్యంతరం పెట్టాను. అవతలివారికి 30 రోజుల గడువుంటుంది. వారు ఉలకలేదు, పలకలేదు. గడువు తీరి క్లెయిమ్ దానంతటదే పోయింది.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి నా అభిప్రాయం అడిగితే: జనం వెతుక్కుంటూ వచ్చే విషయం మీ దగ్గర ఉంటే ఇంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు. ఇక్కడ పాత వీడియో చచ్చిపోదు. రోజుకో వీడియో పెట్టి, నిన్నటి జనం ఇవాళా వస్తారన్న నమ్మకంతో ఇల్లు గడుపుకోవాలనుకుంటే మాత్రం వద్దంటాను. నేను కూడా ఉద్యోగం మానలేదు. ఐదుకు మూడున్నర చుక్కలు ఇస్తాను. డిస్‌లైక్ సంఖ్య తిరిగి తెస్తే నాలుగు.

ఈ వారం ఆ 2017 వీడియో కింద ఒకరు అడిగారు, స్ప్రింగ్ పెట్టెకు ఏ నూనె వాడాలని. వీడియోలో నేను చెప్పింది తప్పని అప్పుడు గుర్తొచ్చింది. సరైన జవాబు రాసి, దాన్ని కామెంట్లలో అందరికన్నా పైన కనబడేలా పెట్టాను.