ఇంటికి ఫైర్ సిలిండర్: బ్రాండ్ కంటే ముందు రీఫిల్ చేసే షాపు చూసుకోండి

మా వంటింటి గుమ్మం బయట, హాల్లోకి వచ్చే దారిలో, మంటలు ఆర్పే రెండు కేజీల ఏబీసీ పౌడర్ ఫైర్ సిలిండర్ తగిలించాం. శ్రీకాకుళంలో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద చేగోడీలు, జంతికలు, అరిసెలు వండి ఇస్తుంటాను. సంక్రాంతి ముందూ, పెళ్లిళ్ల సీజన్లోనూ పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా రెండు పొయ్యిల మీదా నూనె కాగుతూనే ఉంటుంది. ఇంట్లో నేనూ, అత్తగారూ, ఇద్దరు పిల్లలం. ఆయన ఉద్యోగం వైజాగ్‌లో. కాబట్టి దీన్ని నేనైనా వాడగలగాలి, అత్తగారైనా వాడగలగాలి. కొనేముందు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఇదే.

షాపువాళ్లు సాధారణంగా పెద్దదే తీసుకోమంటారు. నాకూ ముందు ఆరు కేజీలది చూపించారు. ఆరు కేజీలన్నది లోపలి పౌడర్ లెక్క మాత్రమే. డబ్బాతో కలిపితే తొమ్మిది, పది కేజీలవుతుంది. అత్తగారు దాని హ్యాండిల్ పట్టుకుని చూసి, "నీళ్లబిందెలా ఉందమ్మా, నాను ఎత్తలేను" అనేశారు. రెండు కేజీలది మొత్తం నాలుగు కేజీల లోపు. ఆవిడ ఒక చేత్తో కొక్కెం మీంచి తీసి, రెండో చేత్తో పిన్ను లాగగలిగారు. ఇంకేం చూడకుండా అదే తీసుకున్నాం. పదిహేను వందల లోపే అయింది. ఒక కేజీది కారులోకి సరిపోతుందేమో గానీ ఇంటికి చాలదు. రెండు కేజీలది కూడా నొక్కి పట్టుకుంటే పది సెకన్లకు అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది. ఇంట్లో బలమైన మనుషులుంటే నాలుగు కేజీలది తీసుకోండి.

ఏబీసీ అంటే ఏమిటో షాపులో వివరంగా చెప్పించుకున్నాను. ఏ అంటే కర్ర, బట్ట, కాగితం లాంటివి. బి అంటే పెట్రోలు, కిరోసిన్ లాంటి ద్రవాలు. సి అంటే గ్యాస్. కరెంటు వస్తువుల మీదా ఈ పౌడర్ కొట్టొచ్చు, వీలైతే ముందు మెయిన్ ఆపాలి. 2018లో తిత్లీ తుఫాను తర్వాత మేం ఇన్వర్టర్ పెట్టించుకున్నాం, దాని పక్కనే ఫ్రిజ్. వాటికి ఇది పనికొస్తుందన్న ధైర్యం ఉంది. సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపిన సిలిండర్ కూడా చూశాను. కంప్యూటర్లున్న చోట అదే మంచిది, బూడిదా పొడీ ఏమీ మిగలవు. కానీ అదే సైజులో బరువు ఎక్కువ, ధర ఎక్కువ. పైగా దానికి ముల్లు ఉన్న మీటర్ ఉండదు, లోపల గ్యాస్ ఎంతుందో తూకం వేస్తే గానీ తెలియదు. చిన్న గదిలో తలుపులు మూసి కొడితే ఊపిరాడదు కూడా. మా ఇంటికి అది వద్దనుకున్నాను. సెంటు సీసా సైజులో స్ప్రే డబ్బాలు కూడా అమ్ముతున్నారు. ఒకసారి వాడాక పారేయడమే, వాటిని నమ్ముకోవద్దు.

నాలాగా నూనెతో పని ఉన్నవాళ్లు ఈ మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏబీసీలో మూకుడు నూనె లేదు. వంటనూనె మంటకు ఎఫ్ అని వేరే క్లాస్ ఉంది, దానికి పౌడర్ బదులు ద్రవం ఉండే వెట్ కెమికల్ సిలిండర్ వేరే వస్తుంది. పౌడర్ పైన మంటను ఆర్పుతుంది గానీ నూనెను చల్లార్చదు, వేడి అలాగే ఉండి మళ్లీ అంటుకోవచ్చు. దగ్గర నుంచి కొడితే ఆ ఊపుకి నూనె చిందుతుంది. అందుకే నూనె అంటుకుంటే ముందు పొయ్యి కట్టేయడం, మూకుడు మీద దానికంటే పెద్ద మూత జార్చి కప్పేయడం, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకపోవడం. నీళ్లు మాత్రం చుక్క కూడా పోయకూడదు, మంట పైకి లేచిపోతుంది. మా పొయ్యి పక్కన మేకుకి ఒక పెద్ద స్టీలు మూత దీనికోసమే ఉంటుంది, వంటకి వాడం. ఇక గ్యాస్ సిలిండర్ దగ్గర మంట వస్తే, గ్యాస్ ఆపకుండా మంట ఒక్కటే ఆర్పడం ఇంకా ప్రమాదం. వచ్చే గ్యాస్ గదంతా నిండిపోతుంది. చెయ్యి పెట్టగలిగితే రెగ్యులేటర్ కట్టేయాలి. లేదంటే అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయాలి. మంట లేకుండా ఉత్త గ్యాస్ లీకేజీ అయితే 1906 హెల్ప్‌లైన్ ఉంది.

షాపు ఎందుకంత ముఖ్యమంటున్నానో చెప్తాను. విజయనగరంలో ఉండే మా తోడికోడలు ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకుంది. పెట్టె విప్పి చూస్తే మీటర్ ముల్లు ఎర్ర గీతలో ఉంది, అంటే లోపల ప్రెషర్ లేదు. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు, దగ్గర్లో రీఫిల్ ఎవరు చేస్తారో కూడా చెప్పలేదు. పాపం, డబ్బు పెట్టి కొన్నది అలమరలో ఉత్త డబ్బాలా పడి ఉంది. ఈ సిలిండర్‌ని ఒక్కసారి, ఒక్క సెకను నొక్కినా మళ్లీ నింపించాల్సిందే. పౌడర్ రేణువులు వాల్వులో ఇరుక్కుని, మిగిలిన ప్రెషర్ మెల్లగా పోతుంది. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే డబ్బా ప్రెషర్‌కి తట్టుకుంటుందో లేదో నీళ్లతో చూసే పరీక్ష, కూడా చేయించాలి. ఇవన్నీ ఊళ్లో చేసేవాళ్లు లేకపోతే ఎంత పేరున్న బ్రాండయినా ఏం లాభం?

మేం కొన్నది జీటీ రోడ్డు వైపున్న ఒక చిన్న షాపులో. రీఫిల్ అక్కడే చేస్తారు. వాళ్లు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. రీఫిల్‌కి వచ్చిన పాత సిలిండర్ ఒకటి నా చేతికిచ్చి, షాపు వెనక ఖాళీ స్థలంలో చెత్తకాగితాలు అంటించి, నన్నే ఆర్పమన్నారు. నేను హ్యాండిల్ గట్టిగా పట్టుకుని పిన్ను లాగితే అది రాలేదు. "హ్యాండిల్ నొక్కి పడితే పిన్ను బిగుసుకుపోద్దమ్మా. ముందు వదులుగా పట్టుకుని లాగండి, తర్వాత నొక్కండి" అన్నాడా అబ్బాయి. సన్నటి ప్లాస్టిక్ సీలు పుటుక్కున తెగి పిన్ను వచ్చింది. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా ఆరేడు అడుగుల దూరంలో నిలబడి, మంట పైన కాకుండా మొదలు దగ్గర అటూ ఇటూ ఊపుతూ కొట్టించాడు. లేత పసుపు పొడి ఒక్క ఉదుటున వచ్చి ఎదురుగా ఏమీ కనబడలేదు. గొంతులో మంట, దగ్గు. వంటింట్లో ఇలాగే కమ్ముకుంటుంది కాబట్టి మన వెనక తలుపు తెరిచి ఉండాలని అప్పుడే అర్థమైంది. సిలిండర్‌ని పొయ్యి పక్కన కాకుండా గుమ్మం బయట పెట్టించింది కూడా అందుకే. మంట దాటుకుని వెళ్లి తెచ్చుకునే చోట అది ఉండకూడదు.

కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు, దానితో ఐఎస్ 15683 అన్న నంబరు, కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ లైసెన్సు నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు, వాళ్లేమీ అనుకోరు. తయారైన నెల, సంవత్సరం కూడా చదవండి, పాత స్టాకు అంటగట్టనివ్వకండి. ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉండాలి.

పౌడర్ వాడిన తర్వాత శుభ్రం చేసుకోవడం పెద్ద పనే. పొడిగా ఊడ్చేసి, ఆ తర్వాత తడిబట్టతో తుడవాలి. మన సముద్రపు గాలికి తేమ తగిలితే ఆ పొడి ఇనుమునీ, స్టవ్వు బర్నర్లనీ తినేస్తుంది, అలా వదిలేయకూడదు. పౌడర్ పడిన పిండి, నూనె పారేయడమే.

ఒక్క లోపం. గోడకి తగిలించడానికి డబ్బాతో ఇచ్చిన కొక్కెం, స్క్రూలు బొత్తిగా పల్చన. అవి పక్కన పెట్టేసి హార్డ్‌వేర్ షాపులో లావు స్క్రూలు, ప్లగ్గులు కొని, అత్తగారి చేతికి అందే ఎత్తులో బిగించుకున్నాం. నెలకోసారి నేను ముల్లు చూసి, కిందకి దింపి, పౌడర్ గడ్డ కట్టకుండా తలకిందులు చేసి ఊపి పెడుతున్నాను. రీఫిల్‌కి కొత్తదాని ధరలో సగం లోపే అవుతుందని చెప్పారు, బిల్లు వెనక రాయించుకున్నాను.