ఒకే స్విచ్‌లో పదిమంది రూల్స్: ఘర్షణను ఎక్కడ పట్టుకోవడం మేలు?

ఒకే ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ స్విచ్) మీద ఇద్దరు ముగ్గురు టెనెంట్లు (దాన్ని పంచుకునే వేర్వేరు వాడకందారులు), సెక్యూరిటీ టీమ్ కలిసి ఓపెన్‌ఫ్లో రూల్స్ (ఏ ప్యాకెట్‌ను ఏం చేయాలో స్విచ్‌కు చెప్పేవి) పెడుతుంటే ఒకరి రూల్‌ను ఇంకొకరిది కొట్టేస్తుంది. దాన్ని స్విచ్‌లో పట్టుకోవచ్చు, రూల్ ఎక్కకముందే కంట్రోలర్ (స్విచ్‌కు రూల్స్ పంపే సాఫ్ట్‌వేర్) దగ్గర పట్టుకోవచ్చు, లేదా నడుస్తుండగా ట్రేస్ చేసి పట్టుకోవచ్చు. అసలు భారం కంట్రోలర్ మీదే పెట్టాలి. ఎందుకో ఈ జత చూడండి.

సెక్యూరిటీ రూల్: 10.2.5.0/24కి (10.2.5తో మొదలయ్యే అడ్రస్‌లకు) వెళ్లే టీసీపీ అంతా డ్రాప్, ప్రయారిటీ 100. లోడ్ బ్యాలెన్సర్ రూల్: 10.1.0.0/16 (10.1తో మొదలయ్యే అడ్రస్‌ల) నుంచి టీసీపీ పోర్ట్ 80కి వెళ్లేదాన్ని స్విచ్ 3వ పోర్టులోంచి పంపు, ప్రయారిటీ 200. 10.1.4.9 నుంచి 10.2.5.7కి, 80కి వెళ్లే ప్యాకెట్ రెండింటికీ సరిపోతుంది. ఓపెన్‌ఫ్లోలో పెద్ద అంకెదే పైచేయి కాబట్టి అది దాటిపోతుంది. టేబుల్లో డ్రాప్ రూల్ మాత్రం నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది. (అజూర్, గూగుల్ క్లౌడ్ ఫైర్‌వాల్‌లలో చిన్న అంకెది ముందు, అక్కడి అలవాటుతో ఇక్కడ అంకెలు వేస్తే అంతా తలకిందులే.)

స్విచ్‌లోని చెక్ ఓవర్‌ల్యాప్ ఫ్లాగ్ (కొత్త రూల్ పాతదానితో కలుస్తోందేమో చూడమనే సెట్టింగ్) ఈ జతను పట్టదు. అది అదే టేబుల్లో, అదే ప్రయారిటీ ఉన్న రూల్స్‌నే పోలుస్తుంది. యాక్షన్ ఏమిటో చూడదు, కాబట్టి రెండు రూల్స్ చేసేది ఒకటే పనైనా రెండోదాన్ని తిప్పికొడుతుంది. అయినా పెట్టుకోండి: ప్రయారిటీ రాయకపోతే ఓవీఎస్ (ఓపెన్ వీస్విచ్) కమాండ్ 32768 వేసేస్తుంది, అలాంటివన్నీ ఒకే మెట్టు మీద చేరతాయి. సమాన ప్రయారిటీలో ఏ రూల్ వర్తిస్తుందో ఓపెన్‌ఫ్లో చెప్పదు.

కంట్రోలర్ దగ్గర ఫీల్డు ఫీల్డూ పోల్చాలి. ఒక్క ఫీల్డు కలవకపోయినా ఘర్షణ లేదు. అన్నీ కలిసి, యాక్షన్లు వేరైతే ఎవరు ఎవర్ని కప్పుతున్నారో చూడాలి. పై రూల్ (ప్రయారిటీ ఎక్కువున్నది) కింది దాన్ని పూర్తిగా కప్పేస్తే ఆపేయాలి. పై రూల్ కింది దానిలో ఇమిడిపోతే అది చాలావరకు కావాలని పెట్టిన మినహాయింపు, వదిలేయొచ్చు. మొదట చూసిన జతలా సగం సగం కలిస్తే మనిషి చూడాలి. మూడింటికీ ఒకే అలారం కొడితే వారం తిరక్కుండానే ఎవరో దాన్ని మ్యూట్ చేస్తారు.

జతలుగా పోల్చడానికీ హద్దుంది. 10,000 రూల్స్ ఉంటే దాదాపు 5 కోట్ల జతలు. రెండు /25 రూల్స్ (ఒక్కోటీ /24లో సగం) కలిసి ఒక /24ని కప్పేస్తే ఏ జతలోనూ అది దొరకదు. దారిలో గమ్యం అడ్రస్ మార్చే రూల్ ఉంటే, నిషేధించిన చోటికి ప్యాకెట్ వేరే అడ్రస్ చెప్పి చేరుతుంది. ఇలాంటివాటికి 2012లో వచ్చిన హెడర్ స్పేస్ అనాలిసిస్ తరహా పద్ధతే కావాలి: మార్పులతో సహా ప్యాకెట్ గుంపులు ఎక్కడికి చేరతాయో అది లెక్కిస్తుంది.

ఏ పద్ధతైనా టన్నెల్ ఐడీని, వీల్యాన్‌ను (ప్యాకెట్ ఏ నెట్‌వర్క్‌దో చెప్పే గుర్తులు) పోలికలో చేర్చాలి. ఇద్దరు టెనెంట్లూ 10.0.0.0/24 వాడుకోవడం మామూలే. ఐడీ వదిలేస్తే లేని ఘర్షణలు కుప్పలుగా వస్తాయి.

ఓపెన్ వీస్విచ్‌లోని ఓఎఫ్‌ప్రోటో ట్రేస్ కమాండ్ ఒక్కో ప్యాకెట్ దారినే చూపిస్తుంది. కంట్రోలర్ చెకర్ చూపిన ఘర్షణను రుజువు చేసుకోవడానికి బాగుంటుంది గానీ, ఘర్షణ లేదని తేల్చడానికి పనికిరాదు. ప్యాకెట్ కౌంటర్ సున్నా ఉన్నా రూల్ కప్పబడిందనుకోకూడదు, ట్రాఫిక్ రాకపోయి ఉండొచ్చు. ప్రతి రూల్ కుకీలో (రూల్‌కు మనం తగిలించే నంబరు) టెనెంట్ నంబర్ పెట్టండి. ట్రేస్‌లో తగిలిన రూల్ ఎవరిదో కుకీ చూసి వెంటనే వాళ్లను అడగొచ్చు.