మట్ అనే మెయిల్ ప్రోగ్రాముతో ఏడాది: ఉత్తరాలు సర్దింది, ఒత్తులు చెదరగొట్టింది

నేను ప్రూఫ్‌రీడర్‌ని. నల్లకుంటలో ఇంట్లో కూర్చునే పని. చిక్కడపల్లి వైపు ఉన్న నాలుగైదు చిన్న ప్రచురణ సంస్థలు, సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునే ఇద్దరు ముగ్గురు కవులు, ఒక పిల్లల పత్రిక. నాకు అన్నం పెట్టేది వీళ్లే. అందరూ మెయిల్లోనే పంపుతారు. "ప్రూఫ్ ఫైనల్", "ప్రూఫ్ ఫైనల్ 2", "ఇదే అసలు ఫైనల్" అని. వాటి మధ్య కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ వాళ్ల నీళ్ల ట్యాంకర్ల లెక్క, త్యాగరాయ గానసభలో ఫలానా సాయంత్రం పుస్తకావిష్కరణ అని ఆహ్వానం, చీరల మీద సగం ధర.

నిరుడు నవంబరులో, పుస్తక ప్రదర్శన దగ్గర పడుతున్న రోజుల్లో, ఈ గుంపులో ఒక ప్రూఫ్ నాలుగు రోజులు కనపడలేదు. ఎక్కడికీ పోలేదు పాపం. ఫోన్లో నేనే వేలు తగిలించి తెరిచి, తర్వాత చూద్దామని మర్చిపోయాను. చదివిన ఉత్తరంలా ముఖం మార్చుకుని ముప్పై ఉత్తరాల కింద కూర్చుంది. ప్రెస్‌లో ఆ పుస్తకానికి ఇచ్చిన రోజు దాటిపోయింది. ఆ ప్రచురణకర్త ఇప్పటికీ పని ఇస్తున్నాడు. కానీ "అమ్మా" అనేవాడు, "మేడమ్" అంటున్నాడు.

అప్పుడు మా అక్క కొడుకు వచ్చి నా లాప్‌టాప్ చూశాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని కంప్యూటర్ల బజారు ఉంది కదా, అక్కడ ఎవరో వాడి వదిలేసినది పదమూడున్నర వేలకు కొన్నాను. 4 జీబీ ర్యామ్. బ్రౌజర్లో మెయిల్, పక్కన పీడీఎఫ్, ఇంకోపక్క నిఘంటువు తెరిస్తే ఫ్యాను విమానంలా మోగేది. వాడు అందులో లినక్స్ వేసి, "పిన్నీ, నువ్వు డాస్ నేర్చుకున్నదానివి కదా, నీకొకటి చూపిస్తా" అని ఒక నల్ల తెర తెరిచాడు. బొమ్మల్లేవు, బటన్లు లేవు. వరసగా ఉత్తరాలు, ఒక్కోటీ ఒక్కో లైను. దాని పేరు మట్.

మట్ అంటే జాతి ఏమిటో తెలియని ఊరకుక్క. 1995లో మైకేల్ ఎల్కిన్స్ అనే ఆయన రాశాడు. మెయిల్ ప్రోగ్రాములన్నీ చెత్తే, ఇది కాస్త తక్కువ చెత్త అని తన ప్రోగ్రాము గురించి తనే చెప్పుకున్నాడు. ఇంత నిజాయితీగా తన సరుకు అమ్ముకున్నవాణ్ణి నేను చూడలేదు, ఉచితంగా ఇచ్చాడు కాబట్టి చెల్లింది. పాతదే కానీ వదిలేసినది కాదు. 2.0 వెర్షన్ 2020లో వచ్చింది. దీని నుంచే చీలి ఇంకొన్ని సదుపాయాలు చేర్చుకున్న నియోమట్ కూడా ఉంది. నేను అసలుదానితోనే ఆగాను.

వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రాములో కంట్రోల్ కె, డి అని కొట్టి సేవ్ చేసిన చేతులివి. కాబట్టి జె అంటే కిందికి, కె అంటే పైకి, డి అంటే తీసెయ్యి, ఆర్ అంటే జవాబు అనేది రెండు రోజుల్లో వచ్చేసింది. అమర్చుకోవడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. ఇక్కడ అబద్ధం చెప్పను. మెయిల్ ప్రోగ్రాము అంటే వేసి, పాస్‌వర్డ్ ఇచ్చి వాడేయడం అనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. మట్‌కి సెట్టింగుల పేజీ లేదు. మట్‌ఆర్‌సీ అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. మీ పేరేమిటి, ఉత్తరాలు ఎక్కడున్నాయి, పంపినవాటి నకలు ఎక్కడ దాచాలి, సగం రాసినవి ఎక్కడుంచాలి, అన్నీ అందులో లైను లైనుగా మీరే రాయాలి. ఒక కొటేషన్ గుర్తు మూయడం మర్చిపోతే ఫలానా లైనులో తప్పు అని మొదలవుతూనే గొణుగుతుంది. నాకది నచ్చింది. నేనూ జనానికి చేసేది అదే కదా.

నాది జీమెయిల్. బయటి ప్రోగ్రాములోంచి తెరవడానికి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. ముందు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ అనే పదహారు అక్షరాలది విడిగా తీసుకోవాలి. దాన్ని మట్‌ఆర్‌సీలో అలాగే రాసేస్తే ఇంటి తాళం గుమ్మానికి వేలాడదీసినట్టే. మావాడు జీపీజీతో తాళం వేసిన ఇంకో ఫైల్లో పెట్టి, మట్ అక్కడి నుంచి చదువుకునేలా చేశాడు.

మొదట ఐమ్యాప్ అని, ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చదివే పద్ధతిలో మట్‌నే నేరుగా సర్వరుకి కలిపాం. అదీ పనిచేస్తుంది. కానీ మా వీధిలో వాన పడితే నెట్ పోతుంది, ఉత్తరాలూ పోతాయి. అందుకని ఎంబీసింక్ అనేదాన్ని పెట్టాం. పది నిమిషాలకోసారి అది సర్వరులో ఉన్నవాటిని నా డిస్కులోకి దించుతుంది, నేను ఇక్కడ చేసిన మార్పులను అక్కడికి చేరుస్తుంది. పంపడానికి ఎంఎస్ఎంటీపీ అని ఇంకో చిన్నది. దించిన ఉత్తరాలు మెయిల్‌డిర్ పద్ధతిలో ఉంటాయి, అంటే ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. చదివామా, జవాబిచ్చామా అనేది ఆ ఫైలు పేరు చివర అక్షరాల్లోనే ఉంటుంది. ఇది తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. నా ఉత్తరాలు నా బీరువాలోకి వచ్చినట్టుంది.

ఇక్కడ జీమెయిల్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. అక్కడ ఉండేవి నిజానికి ఫోల్డర్లు కావు, లేబుళ్లు. ఒకే ఉత్తరానికి రెండు లేబుళ్లుంటే రెండు ఫోల్డర్లలో రెండుసార్లు దిగుతుంది. ఆల్ మెయిల్‌లో అదే మూడోసారి. నేను గమనించకుండా అన్నీ దించమని రాత్రంతా వదిలేస్తే, పొద్దున్నకి డిస్కు సగం నిండింది. ఆల్ మెయిల్‌ని దించొద్దని ఎంబీసింక్ ఫైల్లో ఒక్క మాట రాస్తే తీరిపోయింది.

ఇక అసలు సంగతి, సర్దడం. చాలామంది విడదీస్తుందనుకుంటారు కానీ, మట్ తనంతట తాను ఉత్తరాలను విడదీయదు. వచ్చేవాటిని దారిలోనే వేరు చేయాలంటే సర్వరులో నియమాలు పెట్టాలి, లేదా ప్రోక్‌మెయిల్ లాంటిదాన్ని మధ్యలో కూర్చోబెట్టాలి. కొన్ని మెయిల్ సేవల్లో సీవ్ అనే భాషలో నియమాలు రాయొచ్చు. జీమెయిల్‌లో అది లేదు, దాని ఫిల్టర్లు దానివే. అందుకని బిల్లులు, చీరలు, సభల ఆహ్వానాలు ఈ మూడింటికీ అక్కడే ఫిల్టర్లు పెట్టేశాను. అవి నా ఇన్‌బాక్స్ గుమ్మం కూడా తొక్కవు. మనుషులు రాసిన ఉత్తరాలను మాత్రం యంత్రానికి వదల్లేదు.

వాటికి సేవ్-హుక్ అని ఒకటుంది, మట్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఫలానా చిరునామా నుంచి వస్తే ఫలానా ఫోల్డర్ అని ముందే రాసి పెట్టుకుంటాం. ఉత్తరం చదివాక ఎస్ నొక్కితే "ఇందులో వెయ్యనా?" అన్నట్టు ఆ పేరు చూపిస్తుంది. ఎంటర్ కొడితే వెళ్లిపోతుంది. వద్దంటే అక్కడికక్కడే వేరే పేరు. మన ప్రమేయం లేకుండా ఎక్కడికో పోవడం ఉండదు, ప్రతిసారీ పేరు టైపు చేసే బాధా ఉండదు. నవంబరులో పోయిన ప్రూఫ్ ఇలా పోయేది కాదు. ఎస్ కొట్టేదాకా ఇన్‌బాక్స్‌లోంచి కదలదు, చేతిలో పని తేలేదాకా నేను ఎస్ కొట్టను. ఇప్పుడు నా ఇన్‌బాక్స్ అంటే చేయాల్సిన పనుల చిట్టా, అంతే. ఈ పూట అందులో తొమ్మిది ఉన్నాయి.

ఈ హుక్కులతో ఒక పప్పులో కాలు కూడా వేశాను. ఎవరూ కాని వాళ్లందరికీ "ఇతరాలు" అని ఒక నియమం రాసి ఫైల్లో పైన పెట్టాను. ఇక ఎవరి ఉత్తరానికి ఎస్ కొట్టినా ఇతరాలే అంటుంది. పైనుంచి చూస్తూ మొదట సరిపోయినదాన్నే పట్టుకుంటుంది మరి. అందరికీ సరిపోయే నియమం అన్నిటికంటే కింద ఉండాలి. దీనికి ఒక మధ్యాహ్నం పోయింది.

పాత ఉత్తరాలు పద్నాలుగు వేల పైచిలుకు. వాటిని ఒక్కోటి సర్దితే ఈ జన్మ చాలదు. క్యాపిటల్ టి నొక్కి, ఎవరు పంపినవి, ఏ సబ్జెక్టు, ఎన్ని నెలల కిందటివి అని రాస్తే సరిపోయినవాటన్నిటికీ చుక్క గుర్తు పెడుతుంది. తర్వాత సెమీకోలన్, ఎస్. గుర్తు పెట్టినవన్నీ ఒక్క దెబ్బకి కొత్త ఫోల్డర్లోకి. ఏడేళ్ల కరెంటు బిల్లులు నేను టీ గ్లాసు పెట్టి తీసేలోపు సర్దుకున్నాయి. ఒకసారి మాత్రం రవి అని కొడితే అరవింద్‌లంతా కూడా లైన్లో నిలబడ్డారు. ఇది మాటను చూడదు, అక్షరాల వరసను చూస్తుంది. అదృష్టం ఏమిటంటే, తీసేసినవైనా, వేరే చోటికి పంపినవైనా అక్కడ డి అని గుర్తుతో కనిపిస్తూనే ఉంటాయి. డాలర్ గుర్తు నొక్కితేనో, బయటికి వస్తూ అవునంటేనో నిజంగా పోతాయి. ఈలోపు యు కొడితే వెనక్కి. అవతలి ఫోల్డర్లో పడిన నకళ్లను మాత్రం వెతికి తీసేయాల్సి వచ్చింది.

ఇంకో రెండు చెప్పకపోతే అన్యాయం. మా ప్రచురణకర్తలు జవాబు నొక్కరు, ప్రతి ప్రూఫ్‌కీ కొత్త మెయిల్ మొదలుపెడతారు. అందుకని ఒకే పుస్తకం ప్రూఫులు తలో చోట పడేవి. మట్‌లో వాటికి గుర్తు పెట్టి, మొదటి ఉత్తరం మీద నిలబడి "అండ్" గుర్తు నొక్కితే అన్నీ దాని కింద కొమ్మల్లా వేలాడతాయి. ఇక రెండోది. జత చేశాను అని రాసి ఫైలు జత చేయకుండా పంపే అలవాటు నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. ఉత్తరంలో ఏ మాట కనపడితే ఆపి అడగాలో మట్‌కి మనం చెప్పొచ్చు. మొదట్లో ఇంగ్లీషు మాటే ఉంటుంది. నేను "జత" అని చేర్చాను. ఇప్పుడు ఫైలు లేకుండా పంపబోతే ఆగి అడుగుతుంది. తెలుగు మాటని పట్టుకుని ఆపింది కదా అని మొదటిసారి మావాడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

తెలుగును పట్టుకుంది కానీ, చూపించడం మాత్రం రాదు. ఇదే నా పెద్ద ఫిర్యాదు. తప్పు మట్‌ది కాదు, అది నడిచే ఆ నల్ల తెరది, అంటే టెర్మినల్‌ది. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా కోసుకుంటుంది, గడికొక అక్షరం. ఇంగ్లీషుకి సరే. మన క్షకి, స్త్రీకి, గుడి దీర్ఘానికి ఆ గళ్లు సరిపోవు. "లక్ష్మి" అని సబ్జెక్టు వస్తే ల ఒక చోట, ఒత్తులు ఇంకో చోట, మిగతా లైను పక్కకి జరిగి తేదీ మీద పడుతుంది. మూడు టెర్మినల్స్ మార్చి చూశాను. ఒకదాంట్లో ఒత్తులు కలిశాయి, కర్సర్ మాత్రం ఎక్కడుందో దానికే తెలియదు. రోజంతా ఒత్తులు సరిచేసి పొట్ట పోసుకునే మనిషికి ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దారి లేకపోలేదు. ఉత్తరం రాయడానికి ఏ ఎడిటరైనా పెట్టుకోమంటుంది మట్. నేను గెడిట్ పెట్టుకున్నాను, తెలుగు చక్కగా కనిపిస్తుంది. దాని పేరు పక్కన "వెయిట్" అని కూడా రాయాలి. లేకపోతే మీరు ఒక్క మాటైనా రాయకముందే మట్ అయిపోయిందనుకుంటుంది. తెలుగు ఉత్తరం చదవాలంటే వి నొక్కి దాన్ని బ్రౌజర్లో తెరుస్తాను, రోజుకి పది పన్నెండుసార్లు. వెబ్ పేజీల్లా వచ్చే ఇంగ్లీషు హెచ్‌టీఎంఎల్ ఉత్తరాలకు ఆ శ్రమ లేదు, డబ్ల్యు3ఎం అనే టెక్స్ట్ బ్రౌజర్ వాటిని మామూలు టెక్స్టుగా మార్చేస్తుంది. బొమ్మలు రావు. మనం తెరిచామా లేదా అని కనిపెట్టడానికి అమ్మకాల వాళ్లు పెట్టే కనపడని బొమ్మలూ రావు. ఫోల్డర్ల పేర్లు కూడా ఇంగ్లీషులోనే పెట్టుకున్నాను. "ప్రూఫులు" అని తెలుగులో పెడితే, నా డిస్కులోకి దిగేసరికి అది ఏవో గుర్తుల ముద్దగా మారింది.

నిన్న ఒక కవిగారి ఉత్తరం తెరిస్తే ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఒత్తుల గోలే అనుకుని బ్రౌజర్లో తెరిచాను. అక్కడా అంతే. ఆయన పేజ్‌మేకర్లో అనూ ఫాంట్‌తో ఉన్నదాన్ని ఎత్తి అలాగే మెయిల్లో అతికించారు. ఆ ఫాంటు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కనుక ఎక్కడ తెరిచినా అంతే. అనవసరంగా తిట్టినందుకు టెర్మినల్‌కి మనసులో సారీ చెప్పుకున్నాను.

మార్కులేస్తే సర్దడానికి పదికి తొమ్మిదిన్నర, తెలుగుకి మూడు. మొదటి రెండు వారాలకు మార్కుల్లేవు, ఓపికే. మా అక్క కొడుకు మొన్న గచ్చిబౌలిలో ఆఫీసు నుంచి వస్తూ, నా ఇన్‌బాక్స్‌లో తొమ్మిదే చూసి, "పిన్నీ, నీ మట్‌ఆర్‌సీ నాకూ పంపవా" అన్నాడు. వాడికి రోజుకి ఇరవై మీటింగ్ ఆహ్వానాలొస్తాయి, ఒక్కోటీ నొక్కితే క్యాలెండర్లో పడాలి. మట్‌లో అవి ఒట్టి అటాచ్‌మెంట్లు.

"నీకొద్దురా నాన్నా" అన్నాను.