మొదటి పోస్టింగ్‌కి ఏది మేలు: పెద్దాసుపత్రి ఓపీనా, ప్రైవేటు ఆసుపత్రి వార్డా?

బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివే జూనియర్లు మొదటిసారి పేషెంట్ల ముందుకు వెళ్లేముందు నన్ను అడిగే ప్రశ్న ఇది. నేను రెండు చోట్లా చేశాను. ఎంచుకునే వీలుంటే మొదట ప్రభుత్వ పెద్దాసుపత్రి ఫిజియోథెరపీ ఓపీకే వెళ్లమంటాను.

అక్కడ చేతికి పని దొరుకుతుంది. పొద్దున్నే బెంచీలు నిండిపోతాయి. షుగరుండి భుజం బిగుసుకుపోయినవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, కట్టు విప్పాక మణికట్టు వంగనివాళ్లు, మూతి వంకరపోయినవాళ్లు వరసగా వస్తూనే ఉంటారు. క్లాసులో స్నేహితురాలి చెయ్యి 180 డిగ్రీలూ సాఫీగా లేచేది. ఓపీలో నా మొదటి పేషెంటు ఒక పెద్దావిడ. చెయ్యి లేపమంటే భుజం మొత్తాన్ని చెవి దాకా ఎత్తేసింది. నేను కీలు కదలికను డిగ్రీల్లో కొలిచే గోనియోమీటర్ పెట్టి 120 అని రాసేశాను. మా సీనియర్ వచ్చి, ఆవిడ రెక్క ఎముకను అరచేత్తో అదిమిపట్టి మళ్లీ లేపించారు. చెయ్యి 80 దగ్గరే ఆగిపోయింది. మిగతాదంతా భుజాన్ని ఎత్తడం వల్ల వచ్చిందే. ఆ తేడా ఎన్ని బొమ్మలు చూసినా నాకు అర్థమయ్యేది కాదు.

ఇంకోటి, మాట. పుస్తకంలో నొప్పికి పది మార్కుల స్కేలు ఉంటుంది. ఓపీలో మాత్రం ఒకరికి సలుపు, ఒకరికి పోటు, ఇంకొకరికి మంట. 'నడుము కాడ్నించి పిక్క దాకా గుంజుతోందమ్మా, కాలు తిమ్మిరెక్కుతోంది' అని ఎవరైనా అంటే ముందు నరం మీదికే అనుమానం పోవాలి. పేషెంటు పడుకున్నాక మోకాలు వంచకుండా కాలు పైకి లేపి చూడాలి. ఈ మాటలు చెవిన పడేకొద్దీ సగం టెన్షన్ పోతుంది.

ఓపీతో ఇబ్బంది కూడా చిన్నది కాదు. రద్దీలో 'మెషీన్‌తో కరెంటో వేడో పెట్టి పంపించేద్దాం' అనే అలవాటు తొందరగా అంటుకుంటుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు వేడి తెలియదు, చర్మం కాలిపోతుంది. వేడినీళ్ల ట్యూబు, చన్నీళ్ల ట్యూబు తాకించి ఏది వేడో అడగడానికి నిమిషం చాలు. లైను ఎంత పొడవున్నా ఆ నిమిషాన్ని వదలొద్దు.

ప్రైవేటు ఆసుపత్రి వార్డులో నేర్చుకునేది వేరు. మోకాలి కీలు మార్చిన పేషెంటును ఆపరేషనైన రోజో మర్నాడో వాకర్‌తో నిలబెట్టడం, నడిపించేముందు బీపీ, ఆక్సిజన్ చూసుకోవడం, కేస్ షీటు చదవడం, నోట్స్ పద్ధతిగా రాయడం అక్కడే బాగా వస్తాయి. ఒకే పేషెంటు రోజురోజుకీ మెరుగవడమూ కనిపిస్తుంది. కానీ డబ్బు కట్టిన కుటుంబం స్టూడెంటు చెయ్యి వేస్తానంటే తరచూ ఒప్పుకోదు. నా మొదటి వారమంతా ఏప్రన్ వేసుకుని మంచం పక్కన నిలబడటంతోనే గడిచింది. చెయ్యి వేయకుండా చూస్తూ నిలబడేకొద్దీ భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. పేషెంట్లతో ముందే బెరుకులేని పిల్లలకైతే వార్డుతో మొదలుపెట్టినా నష్టం లేదు.

చిన్న క్లినిక్కులు మొదటిసారికి వద్దు. చాలా చోట్ల మెషీన్లు మార్చడంతోనే రోజు అయిపోతుంది.

మీకు వార్డే పడిందనుకోండి, మొదటి రోజే ఇన్‌ఛార్జ్‌ని అడగండి: 'సార్, ఈ ఒక్క పేషెంటు మోకాలు ఎంత వంగుతోందో రోజూ నేను కొలుస్తాను, మీరు పక్కనుండి చూడండి.'