సెర్వాంటెస్ వీధిలో లోపె ఇల్లు

మాడ్రిడ్‌లో మా లాడ్జి ఉయెర్తాస్ వీధిలో. లిఫ్ట్ ఉందంటే బుక్ చేశాను. తీరా వెళితే అది రెండో అంతస్తు దాకానే, మా గది నాలుగో దాంట్లో. పెట్టెలు మోస్తూ మా ఆవిడ చూసిన చూపు సంగతి వదిలేయండి. గది శుభ్రంగానే ఉంది. రాత్రి రెండింటి దాకా కింద బార్ల గోల. అక్కడ దిగేవాళ్లు వెనకవైపు గది అడిగి తీసుకోండి.

అయినా ఆ పేటే కావాలన్నది నేనే. నడిచే దారి రాళ్లలో ఇత్తడి అక్షరాలతో రచయితల వాక్యాలు పొదిగారు. కాస్త అవతలే, 'డాన్ క్విక్సోట్' నవల రాసిన సెర్వాంటెస్ పేరిట వీధి. అందులో మ్యూజియంగా నిలిచిన ఇల్లు మాత్రం ఆ కాలపు నాటకకర్త లోపె దె వేగాది! 'డాన్ క్విక్సోట్' అచ్చుకు ముందే, 1604లో, దాన్ని మెచ్చుకునేంత తెలివితక్కువవాడు ఎవడూ లేడని ఉత్తరంలో రాసిన పెద్దమనిషి ఆయన. సెర్వాంటెస్ కన్నుమూసిన ఇంటిని 1833లో కూలగొట్టారు, గోడమీద ఫలకం మిగిలింది. లోపె ఇంటికి టికెట్ లేదు గానీ ముందే బుక్ చేసుకోవాలట. మేం గుమ్మం నుంచే వెనక్కి.

మర్నాడు అటోచా నుంచి లోకల్ రైల్లో అల్కాలా దె ఎనారెస్. ముప్పావు గంట ప్రయాణం, రైలు టైముకే వచ్చింది. సెర్వాంటెస్ పుట్టిన ఇల్లంటూ చూపేది 1956లో తిరిగి కట్టింది. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. లోపల బావి ఉన్న నడవా బాగుంది, మిగతాదంతా సర్దిపెట్టిన సామాను. బయట బెంచీ మీద కంచు క్విక్సోట్, అతని సేవకుడు సాంచోల మధ్య కూర్చుని ఫొటో దిగడానికి క్యూ. సాంచో మోకాలు చేతులు తగిలి తగిలి నిగనిగలాడుతోంది.

నాకు నచ్చింది వేరే చోటు. 1547 అక్టోబర్ 9న సెర్వాంటెస్‌కు బాప్తిస్మం ఇచ్చిన చర్చి స్పెయిన్ అంతర్యుద్ధంలో పోయింది. మిగిలిన చిన్న చాపెల్లో ఆ బాప్తిస్మపు తొట్టి పాత ముక్కల్ని కొత్త రాయిలో అతికించి పెట్టారు. అతుకులు కనిపిస్తూనే ఉంటాయి, దాచలేదు. మొండి గోపురం మీద కొంగల గూళ్లు.

తిరిగొచ్చాక సాయంత్రం లోపె దె వేగా వీధిలోని కాన్వెంట్‌కు వెళ్లాం. సెర్వాంటెస్‌ను 1616లో పాతిపెట్టింది ఇక్కడే. అల్జీర్స్‌లో ఐదేళ్లు బందీగా ఉన్న మనిషిని 1580లో సొమ్ము కట్టి విడిపించింది ట్రినిటేరియన్ సన్యాసులు, ఇదీ ఆ సంఘం మఠమే. 2015లో ఎముకలు దొరికాయన్నారు గానీ, ఇతరుల వాటితో కలిసిపోయి ఏది ఎవరిదో విడదీయలేకపోయారు.

ప్రార్థన వేళకే తలుపు తీశారు. వెనక బల్లమీద కూర్చున్నాం. ముందు వరసలో నలుగురు ముసలమ్మలు. టూరిస్టులం మేమిద్దరమే.