జాగ్రత్త: ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు ఉన్న పాత బండికి డబ్బు కట్టొద్దు

సెకండ్ హ్యాండ్ బండి కోసం తిరుగుతున్న వాళ్ళు, ముఖ్యంగా ఆటో కన్సల్టెన్సీల్లో చూస్తున్న వాళ్ళు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేను మోసపోయాను. బండి నా దగ్గరే ఉంది, ఇప్పుడు నా పేరు మీదే ఉంది, కానీ అక్కడిదాకా రావడానికి మూడున్నర నెలల టైమూ, బండి ధర కాకుండా ఇంకో ఇరవై ఒక్క వేలూ పోయాయి. ఇంకెవరికీ ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

నాది తెనాలి, పని గుంటూరులో. పోను రాను రోజూ యాభై కిలోమీటర్ల పైనే. మైలేజీ ఇచ్చే చిన్న బండి, నెల జీతంలో సర్దుకోగలిగేది కావాలని 2025 జూన్‌లో ఒక కన్సల్టెన్సీలో 2022 మోడల్ స్ప్లెండర్ ప్లస్ చూశాను. 97.2 సీసీ, బీఎస్6, మీటర్ మీద 31 వేల కిలోమీటర్లు. 58 చెప్పి 55 వేలకు దిగాడు. బండి తళతళలాడుతోంది, కొత్త సీటు కవరు, కొత్త గ్రిప్పులు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. బండి కంపెనీదేమీ తప్పు లేదు, ఆ మోడల్ మంచిదే. తప్పంతా అమ్మినవాడిది, తొందరపడి కొన్నందుకు నాదీ కొంత.

నేను వస్తున్నానని ముందే ఫోన్ చేసి చెప్పాను కదా, వెళ్ళేసరికి ఇంజిన్ వేడిగా ఉంది. "ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చాం అన్నా" అన్నారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర చల్లటి బండి స్టార్ట్ చేస్తే తెలిసింది. పైనుంచి టకటకమని చప్పుడు, రెండు నిమిషాలకు గానీ తగ్గలేదు. ఎక్స్‌లేటర్ ఇస్తే సైలెన్సర్ నుంచి లేత నీలం పొగ. మా వీధి మెకానిక్ ఆయిల్ దించి రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. ఈ ఇంజిన్‌కి పోయాల్సింది 10డబ్ల్యూ-30, అది పల్చగా ఉంటుంది. అందులోంచి దిగింది బెల్లం పాకంలా ఉంది. చప్పుడూ పొగా తెలియకుండా ఉండాలని చిక్కటి ఆయిల్ పోసి అమ్మారు.

తర్వాత అతను హ్యాండిల్ దగ్గర ఒక చోట వేలు పెట్టి చూపించాడు. ఫోన్ హోల్డర్ బిగించిన చోట పెయింట్ గుండ్రంగా చెరిగిపోయి ఉంది. వెనక పట్టుకునే కమ్మీకి రెండు పక్కలా పెట్టె ఒరుసుకున్న గీతలు. బ్రేక్ పెడల్ మీద గరుకు మొత్తం పోయి నున్నగా అయిపోయింది, కానీ ఫుట్‌రెస్ట్ రబ్బర్లు మాత్రం కొత్తవి. చైన్ స్ప్రాకెట్ పళ్ళు గాలం ముక్కుల్లా ఒక వైపుకి వంగిపోయాయి. "ఇది డెలివరీకి తిరిగిన బండి అన్నా, రోజుకి వంద వేసుకున్నా మూడేళ్ళకి లక్ష దగ్గర ఉంటుంది, మీటర్ తిప్పారు" అన్నాడు. డెలివరీ బండి కొనకూడదని నేననను, ఆ పిల్లలు కష్టపడి బతుకుతున్నారు, బండి అరిగితే వాళ్ళ తప్పు కాదు. కానీ లక్ష తిరిగిన బండిని 31 వేలని చెప్పి అమ్మడం దొంగతనమే. బోర్ కిట్టు, వాల్వులు, చైన్ సెట్టు, కూలీ అన్నీ కలిపి 6,800 అయింది.

ఇంజిన్ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను, ఎందుకంటే అది డబ్బు పెడితే బాగయ్యే జబ్బు. అసలు నరకం కాగితాలది.

ఆర్సీ కార్డు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది. దాన్ని హైపోథికేషన్ అంటారు, అంటే అప్పు తీరేదాకా బండి వాళ్ళకి తాకట్టులో ఉన్నట్టు. నేను అడిగాను. అడగలేదని కాదు. "లోన్ ఎప్పుడో క్లియర్ అయిపోయింది అన్నా, ఆర్సీలో తీయించుకోలేదంతే, ఎన్ఓసీ వారంలో మీ చేతిలో పెడతా" అన్నాడు. ఎన్ఓసీ అంటే అప్పు తీరిపోయింది, మాకు అభ్యంతరం లేదని ఫైనాన్స్ వాళ్ళు ఇచ్చే కాగితం. బండి పేరు మార్పిడికి ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఫారం 29, ఫారం 30 మొదటి ఓనర్ సంతకాలతో ఇచ్చాడు. వాటిలో తేదీ ఖాళీ, కొన్నవాళ్ళ పేరు ఖాళీ. ఓనర్ ఆధార్ జిరాక్స్ ఒకటి. అంతే, 55 వేలు లెక్కపెట్టి ఇచ్చేశాను. వారం రెండు వారాలైంది, రెండు ఆరు వారాలైంది. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి, మేనేజర్ లీవులో ఉన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

జూలై చివర్లో ఒక సాయంత్రం నారాకోడూరు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు బండి అడ్డం పెట్టి ఆపారు. ఫోన్‌లో నా బండి నంబరు ఉంది. ఏడు కంతులు బాకీ, 19,400 కట్టాలి, లేదంటే తాళం ఇవ్వమన్నారు. రోడ్డు మీద అందరూ దొంగని చూసినట్టు చూస్తున్నారు. ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. తాళం మాత్రం ఇవ్వలేదు. ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ చూపించమన్నాను. ఒకడి దగ్గర కార్డు ఉంది, లెటర్ లేదు. అప్పు ఇచ్చినవాళ్ళకి బండి మీద హక్కు ఉన్న మాట నిజమే, కానీ రికవరీ ఏజెంట్లు బెదిరించకూడదని ఆర్‌బీఐ నిబంధనలు ఉన్నాయి, బలవంతంగా లాక్కోవడం కుదరదు. మర్నాడు బ్రాంచికి నేనే వస్తానని రాసిచ్చి బయటపడ్డాను.

బ్రాంచిలో స్టేట్‌మెంట్ తీయిస్తే వాళ్ళు చెప్పింది నిజమే. ఆధార్ మీద అడ్రసు పట్టుకుని సత్తెనపల్లి వెళ్ళాను. మొదటి ఓనర్ చిన్న అబ్బాయి, భయపడిపోయాడు. మిగతా కంతులు మేమే కట్టేస్తామని చెప్పి కన్సల్టెన్సీ వాళ్ళు బండిని తక్కువకి తీసుకున్నారట. అంటే అతన్నీ ముంచారు. అతనికి నేను ఒక్కటే చెప్పాను: ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో ఓనర్ వాళ్ళే, బండి నాలుగు చేతులు మారినా సరే, యాక్సిడెంట్ జరిగితే పరిహారం రిజిస్టర్డ్ ఓనర్ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది, కాబట్టి ఇది నీకూ ముఖ్యమే తమ్ముడూ అని. అప్పటినుంచి పిలిచినప్పుడల్లా వచ్చి సంతకాలు చేశాడు. అమ్మే వాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోండి, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేసి చేతులు దులుపుకుంటే మీ మెడకే చుట్టుకుంటుంది.

పోలీస్ కంప్లైంట్ ఇస్తామని ఇద్దరం కలిసి వెళ్ళి కూర్చుంటే కన్సల్టెన్సీవాడు 8,000 తిరిగిచ్చాడు, ఫైనాన్స్ బాకీలో మిగతా 11,400 నా జేబులోంచే. ఆ తర్వాత చూస్తే పాత చలాన్లు మూడు, అన్నీ హెల్మెట్ లేనివే, 3,105. మొత్తం లెక్క వేస్తే పాత బండికి 76 వేలు పెట్టినట్టయింది. ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధరే తగ్గింది కాబట్టి పాతవాటికి అంతకుముందు రేటు చెబితే ఒప్పుకోవద్దు, గట్టిగా బేరం ఆడండి.

ఇప్పుడు బండి చూడబోయే వాళ్ళకి. చెప్పకుండా వెళ్ళండి, లేదా వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే టీ తాగి గంట ఆగి చల్లారాక స్టార్ట్ చేయించండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1424 అంటే 2024లో 14వ వారం. తక్కువ తిరిగిందని చెప్పే బండికి అప్పుడే టైర్లు మారాయంటే ఎందుకో అడగండి. హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద ఛాసిస్ నంబరు ఉంటుంది, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్సీతో ఒక్కొక్క అక్షరం పోల్చండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఫైనాన్స్, ఇన్సూరెన్స్ చూడండి, ఈ-చలాన్ సైట్ విడిగా చూడండి. ఫైనాన్స్ పేరు కనిపిస్తే ఎన్ఓసీ, ఆర్సీలోంచి తాకట్టు తీయించడానికి ఇచ్చే ఫారం 35 మీ కళ్ళతో చూసేదాకా అడ్వాన్స్ వెయ్యి రూపాయలు కూడా ఇవ్వద్దు. అసలు ఓనర్‌తో మాట్లాడకుండా ఏ బండీ కొనొద్దు. మన రాష్ట్రం బండే అయితే కొన్నవాళ్ళు 30 రోజుల్లోపు పేరు మార్పిడికి అప్లై చెయ్యాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజులే. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్ పేరున్న వాళ్ళకే. ఆ ఆరు వారాలు నేను రోజూ ఆ కవర్ లేకుండానే తిరిగాను, ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు.

ఇప్పటికే నాలా ఇరుక్కున్న వాళ్ళు కన్సల్టెన్సీ చుట్టూ తిరుగుతూ నెలలు పోగొట్టుకోవద్దు. నేరుగా ఫైనాన్స్ బ్రాంచికి వెళ్ళి బండి నంబరుతో బాకీ ఎంతో కనుక్కోండి, మొదటి ఓనర్‌ని పట్టుకోండి, కన్సల్టెన్సీవాడితో మాటలు ఫోన్‌లో కాకుండా వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టుకోండి, నాకు ఆ 8,000 వచ్చింది ఆ మెసేజ్‌ల వల్లే. డబ్బు కడితే రసీదు తీసుకోండి. ఫారం 35 రెండు కాపీలు ఇస్తారు, రెండింటి మీదా ఫైనాన్స్ వాళ్ళ సంతకం, ముద్ర ఉన్నాయో లేదో బ్రాంచిలోనే నిలబడి చూసుకోండి. నా రెండో కాపీకి ముద్ర వెయ్యలేదు, ఆర్టీవో ఆఫీసులో వెనక్కి పంపారు, దానికే ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.