‘హ్యాండ్ టేమ్ (చేతికి మచ్చికైంది), అస్సలు కరవదు’ అని చిలుకను అమ్మితే పైసలు ఇచ్చేముందు ఇది చదవండి

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి దిక్కు చిలుకలు కొనేటోళ్లకు హెచ్చరిక. వీడియోల భుజం మీద కూసున్న సన్ కన్యూర్ (పసుపు-నారింజ రంగు విదేశీ చిలుక) ఇంటికొచ్చిన పది రోజులకు రక్తం వచ్చేటట్టు కరుస్తది. అమ్మినాయన ఫోన్ ఎత్తడు, ఎత్తినా ‘మీరే సరిగ్గ చూస్కోలేదు’ అంటడు. పిట్ట చెడ్డదై కాదు, కొనే రోజు అది ఎందుకు ఊరుకున్నదో మనం అడగకపోవుడే అసలు తప్పు.

పిట్ట చేతి మీద కదలకుంట ఉండటానికి మచ్చిక ఒక్కటే కారణం కాదు. పొద్దుటి నుంచి తిండి పెట్టకుంటే గింజ చూపించిన ఏ చేతికైనా వస్తది. రెక్కలు కత్తిరిస్తే ఎగరలేక కూసుంటది. జబ్బుంటే ఈకలు ఉబ్బించుకొని కండ్లు సగం మూసి ‘ఎంత శాంతంగున్నదో’ అనిపిస్తది. మరీ పసిపిల్లయితే దానికి భయం ఇంకా తెల్వది.

అందుకే అమ్మేటాయనను ఒక్క మాట అడగండి: ‘కడుపునిండ తినిపియ్యి, అరగంట అయినంక నా చేతి మీదికి రానియ్యి.’ గొంతు కింద గింజల సంచి నిండి కనబడాలె. అయినా వేలు ఎక్కితే అది ఆకలికి వచ్చినట్టు కాదు. తర్వాత రెక్కను విసనకర్రలెక్క మెల్లగ తెరిచి చూడండి. పొడుగు ఈకల చివర్లు కత్తెరతో కోసినట్టు సక్కగుంటే రెక్కలు కత్తిరించినట్టే. కత్తిరించిన ఈక పెరగదు, అది రాలి కొత్తది రావాలె, దానికి నెలలు పడుతది. ‘మూడు నెలలు మంచిగుండె, తర్వాత మారిపోయింది’ అనే మాటల్ల చానా వాటికి మూలం ఇదే. మారలేదు, ఎగరనేర్చింది. ఛాతీ మధ్య ఎముకను వేలితో తాకండి. కత్తి అంచులెక్క తగిలితే పిట్ట బక్కచిక్కింది, కొనకండి. ఊపిరికి తోక కిందికి మీదికి ఊగుతుంటే కూడా వద్దు.

వయసు విషయంల మోసం ఎక్కువ. కరిచే పిట్టను ఎవరో వదిలించుకుంటే దాన్నే ‘పిల్ల’ అని మళ్ల అమ్ముతరు. పిల్ల బడ్జీకి (మనదగ్గర లవ్ బర్డ్స్ అనే చిన్న చిలుక) నుదుటి గీతలు ముక్కు దాకా ఉంటయి, మూడు నాలుగు నెలలకు ఈకలు రాల్చినంక అవి వెనక్కి పోతయి. చాలా రంగుల్ల పెద్ద బడ్జీకి కంటి చుట్టు తెల్లటి వలయం కూడ వస్తది. ఆఫ్రికన్ గ్రే (బూడిద రంగు పెద్ద చిలుక) పిల్ల కన్ను నల్లగ, పెద్దదైతే లేత పసుపు. సన్ కన్యూర్ పిల్లకు ఒంటి మీద ఆకుపచ్చ ఎక్కువ, పూర్తి పసుపు-నారింజ రంగున్నది పిల్ల కాదు. ‘నువ్వే సిరంజితో తినిపిస్తే ప్రాణం పెడతది’ అని ఈకలు రాని పిల్లను అంటగడితే అసలే వద్దు. సిరంజితో పెట్టే గుజ్జు 39 నుంచి 41 డిగ్రీల వేడి ఉండాలె. ఎక్కువైతే గింజల సంచి కాలుతది, తొందరపడితే ఊపిరితిత్తుల్లకు పోతది.

ఇంకొక తిరకాసు పేరుది. మనదగ్గర బడ్జీలనే లవ్ బర్డ్స్ అంటరు. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది, గుండ్రటి తల, పొట్టి తోక, బలమైన ముక్కు. దాన్ని బడ్జీల పంజరంల వేస్తే పొద్దుగాల లేచి చూసేసరికి బడ్జీ కాలివేళ్లు తెగి ఉంటయి. అది ఆట కాదు, వేరే పంజరమే దిక్కు.

కొన్నంక అసలు తెల్సుకోవాల్సింది ఆటకూ కోపానికీ తేడా. చిలుకకు ముక్కు మూడో కాలు. వేలు ఎక్కేముందు ముక్కుతో పట్టుకొని ఇది ఊగుతదా, నిలుస్తదా అని చూస్తది. అప్పుడు మనం కరుస్తున్నదనుకొని చెయ్యి గుంజుతం. పిట్ట పడబోతది. రెండోసారి పట్టు గట్టిగ పడతది, మూడోసారి నిజంగనే కరుస్తది. ఈ కరుచుడు మనమే నేర్పినట్టు. చెయ్యి కదలనియ్యకుంట దాని కాళ్లకు కొంచెం పైన, పొట్ట దగ్గర వేలు పెట్టి ఆగండి. ముక్కు మోపి ఎక్కుతది, అంతే.

ఆటల ఉన్న పిట్ట ఒళ్లు వదులుగుంటది, తల ఊపుతది, ఎగిరెగిరి దుంకుతది. కన్యూర్ అయితే వెల్లకిల పండుకొని కాళ్లతో బొమ్మను తంతది. కోపంల ఉన్నది బిగుసుకుంటది: ఈకలు ఒంటికి అతుక్కుంటయి, లేకుంటే మెడ మీదివి మాత్రమే లేస్తయి. తోక విచ్చుకుంటది, నోరు తెరుస్తది, కంటిపాప చిన్నగ పెద్దగ అయితుంటది. సంబరంల కూడ కన్ను అట్లనే చేస్తది, అందుకే కన్నొక్కటే చూడొద్దు, ఒళ్లంతా చూడండి. కాక్‌టెయిల్ (తల మీద జుట్టుండే చిన్న చిలుక) ఆ జుట్టు తలకు అతికించి బుస్సుమంటే ఆమడ దూరం ఉండండి. ఆట మితిమీరితే వేలుకు బదులు తాటాకు ముక్క, మొక్కజొన్న బెండు, వేప పుల్ల ఇయ్యండి. మన దిక్కు ఇవి పైస ఖర్చు లేకుంట దొరుకుతయి. చిల్కొట్టుడు దాని పని, వేలుతో ఆడిస్తే వేలే బొమ్మ అయితది. చేన్ల ఆముదాలు మాత్రం దగ్గరికి రానియ్యొద్దు, అవి విషం.

ఈడుకొచ్చిన పిట్ట సంగతి వేరు. కాక్‌టెయిల్ ఏడాదికి అటిటు, సన్ కన్యూర్ రెండేండ్లకు అటిటు ఈడుకొస్తది. అప్పుడు పెట్టె, అల్మార కింది చీకటి మూల, గుడ్డల కుప్ప, ఏదైనా గూడే అనుకొని కాపలా కాస్తది. కుండ, పెట్టె తీసేయండి. రాత్రి 10 నుంచి 12 గంటలు చీకట్ల నిద్రపోనియ్యండి. టీవీ ఉన్న గదిల అర్ధరాత్రి దాకా మేల్కొన్న పిట్టకు చిరాకు ఖాయం. వీపు, రెక్కల కింద నిమురొద్దు, జతకు పిలిచినట్టు అనుకుంటది. తల, మెడ వరకే. మన ఎండాకాలం 42 డిగ్రీలల్ల రెక్కలు విప్పి నోరు తెరిచి ఎగపోస్తుంటే అది కోపం కాదు, ఎండదెబ్బ. నీడకు తెచ్చి నీళ్లు పెట్టండి.

కరిచినప్పుడు అరవొద్దు, ముక్కు మీద కొట్టొద్దు, ఊదొద్దు. మెల్లగ దింపి పది పదిహేను సెకండ్లు అటు తిరిగి నిలబడండి. కేకలు పెడితే దానికి అదొక తమాషా. ముఖం దగ్గరికి, పసిపిల్లల భుజం మీదికి పిట్టను రానియ్యనే వద్దు.

కాయిదాల సంగతి కూడ చూడండి. రామచిలుక పిల్లలను చెట్ల తొర్రల నుంచి తెచ్చి అమ్మినా, కొన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నీలం, పసుపు ‘రింగ్‌నెక్’ అన్నా జాతి అదే. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రేలకు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్ల (కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్) రిజిస్ట్రేషన్ ఉండాలె, అమ్మేటాయన కాయిదం చూపియ్యకుంటే లేచి రావాలె. బడ్జీ, కాక్‌టెయిల్‌కు ఆ బాధ లేదు.

ఒక మాట, చిలుక కరిచిందని కుక్క కాటు సూది కోసం ఉరికేటోళ్లు ఉన్నరు. రేబిస్ పాలిచ్చే జంతువుల రోగం, పిట్టల నుంచి రాదు. సబ్బుతో పారే నీళ్ల కింద మంచిగ కడగండి, లోతుగ తెగితే టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) గురించి డాక్టర్‌ను అడగండి. కన్ను దగ్గర తగిలితే ఆలస్యం చెయ్యకుంట అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పోవాలె.